మూత్రానికి కొత్త దారి

మూత్రాశయం తీసేసినా కిడ్నీలు తమ పని ఆపవు. రోజుకి లీటరున్నర, రెండు లీటర్ల మూత్రం తయారవుతూనే ఉంటుంది. రాత్రీ పగలూ, చుక్క చుక్కగా. అంతకుముందు ఆ మూత్రం కిడ్నీల నుంచి రెండు సన్నని నాళాల్లో దిగి మూత్రాశయంలో చేరేది. నిండాక బయటికి పోయేది. మూత్రాశయమే లేనప్పుడు దానికి ఇంకో దారి చూపించాలి. ఆ దారి చేసే ఆపరేషన్‌నే డాక్టర్లు యూరినరీ డైవర్షన్ అంటారు.

ఈ ఆపరేషన్ ఎక్కువగా చేసేది మూత్రాశయ కేన్సర్‌కి. కేన్సర్ పైపొరలోనే ఉంటే లోపలి నుంచి గీకి తీస్తారు, మందు ఎక్కిస్తారు. కండరం దాకా దిగితే మాత్రం చాలామందికి మూత్రాశయం మొత్తం తియ్యాల్సి వస్తుంది. ఈ కేన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకు. బీడీ అయినా, చుట్ట అయినా, సిగరెట్ అయినా ఒకటే. పొగలోని విషాలు రక్తంలో కలుస్తాయి. కిడ్నీలు వాటిని వడకట్టి మూత్రంలోకి పంపుతాయి. ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయం గోడకి తగులుతూ ఉంటుంది. పొగ పీల్చింది ఊపిరితిత్తులైతే, దెబ్బ ఇక్కడా పడుతుంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి ఊరుకోకూడదు. ఒక్కసారి కనిపించి ఆగిపోయినా సరే, పరీక్ష చేయించుకోవాలి.

కేన్సర్ కాకుండా ఇంకొన్ని కారణాలూ ఉన్నాయి. క్షయ వల్ల మూత్రాశయం ముడుచుకుపోయిన వాళ్లుంటారు. రేడియేషన్ తర్వాత అది పాడైన వాళ్లుంటారు. వెన్నుపాము దెబ్బతిని మూత్రాశయం మాట విననివాళ్లూ ఉంటారు. పుట్టుకతోనే మూత్రాశయం సరిగా మూసుకోని పిల్లలకీ కొన్నిసార్లు ఇది అవసరమవుతుంది.

మూత్రాన్ని మళ్లించే ప్రయత్నం కొత్తది కాదు. 1850ల మొదట్లోనే లండన్‌లో జాన్ సైమన్ అనే సర్జన్ మూత్రనాళాల్ని పెద్దపేగులోకి మళ్లించి చూశాడు. తర్వాత చాలా ఏళ్లు ఆ పద్ధతే నడిచింది. కానీ మలం ఉన్నచోట మూత్రం కలిస్తే కిడ్నీలకి ఇన్ఫెక్షన్ పాకేది. రక్తంలో ఆమ్లం పెరిగేది. ఏళ్లు గడిచాక, నాళాలు కలిపిన చోట కేన్సర్ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1950లో అమెరికాలో యూజీన్ బ్రికర్ అనే సర్జన్ వేరే దారి చూపించాడు. మలం దారితో సంబంధం లేకుండా, చిన్నపేగులో ఒక చిన్న ముక్కని మూత్రం కోసం విడిగా వాడుకోవచ్చన్నాడు. ఒంటికి అంటుకుని ఉండే రబ్బరు సంచి అప్పటికే వచ్చి ఉండటం ఆయనకి కలిసొచ్చింది. ఇలియల్ కాండ్యూట్ అని పిలిచే ఆ పద్ధతే ఇప్పటికీ ప్రపంచమంతటా ఎక్కువగా చేస్తున్నది.

ఇందులో చిన్నపేగు చివరి భాగం నుంచి 15, 20 సెంటీమీటర్ల ముక్క తీసుకుంటారు. దాని రక్తనాళాలు తెగకుండా చూసుకుంటారు. మిగతా పేగుని మళ్లీ కలిపేస్తారు కాబట్టి తిన్న అన్నం మామూలు దారిలోనే పోతుంది. విడదీసిన ముక్కకి ఒక కొస మూసేసి, కిడ్నీల నుంచి వచ్చే రెండు నాళాల్ని దానికి కుడతారు. రెండో కొసని పొట్ట మీద, సాధారణంగా కుడివైపు, బయటికి తెచ్చి కుడతారు. బయటికి కనిపించే ఆ చిన్న మొగ్గనే స్టోమా అంటారు. ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు, ఎందుకంటే నొప్పి తెలిపే నరాలు అక్కడ లేవు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. ఈ పేగు ముక్క కొత్త మూత్రాశయం కాదు. పెంకుటింటి చూరు కింద వాన నీళ్లు దింపే తూము ఉంటుంది. తూము నీళ్లు దాచుకోదు, దింపుతుంది అంతే. ఇదీ అంతే. మూత్రం వచ్చింది వచ్చినట్టు బయటికి జారుతుంది. ఆపుకోవడం అనేది ఉండదు. అందుకే స్టోమా మీద ఎప్పుడూ ఒక బ్యాగు ఉండాలి.

బ్యాగు లేని పద్ధతులూ ఉన్నాయి. పేగుతోనే పొట్ట లోపల ఒక తిత్తి కుట్టి, చిన్న రంధ్రంలోంచి రోజుకి నాలుగైదుసార్లు సన్నని గొట్టం పెట్టి ఖాళీ చేసుకునేది ఒకటి. చిన్నపేగుని 40 నుంచి 60 సెంటీమీటర్లు తీసుకుని గుండ్రంగా కుట్టి, పాత మూత్రాశయం ఉన్నచోటే అమర్చేది ఇంకొకటి. దీన్ని నియోబ్లాడర్ అంటారు. బయటికి ఏమీ కనిపించదు. వినగానే అందరికీ అదే కావాలనిపిస్తుంది. కానీ అది అందరికీ కుదరదు. కిడ్నీలు బాగా పనిచెయ్యాలి. మూత్రం బయటికి పోయే దారిలో కేన్సర్ ఉండకూడదు. కొత్త తిత్తికి నిండిందన్న కబురు చెప్పే నరాలు ఉండవు కాబట్టి గడియారం చూసి వెళ్లాలి. రాత్రి అలారం పెట్టుకుని లేవాలి. లేవకపోతే పక్క తడుస్తుంది. కొందరికి గొట్టం పెట్టుకోవడం తప్పదు. వయసు, కిడ్నీల ఓపిక, చేతుల నేర్పు, ఇంట్లో సాయం అన్నీ చూసి నిర్ణయించాల్సిన సంగతి ఇది. బ్యాగు ఉన్న పద్ధతి తక్కువరకం అనుకోవడం మాత్రం సరికాదు. చాలామందికి అదే సుఖం, అదే క్షేమం.

ఇక శ్రోతలు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఆపరేషన్‌కి ముందు రోగి పొట్ట మీద పెన్నుతో ఒక గుర్తు పెట్టాలి. స్టోమా ఎక్కడ రావాలో చెప్పే గుర్తు అది. మహా అయితే అరగంట పని. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్లూ బ్యాగు కారుతుందా, నిలుస్తుందా అన్నది చాలావరకు ఆ అరగంటే తేలుస్తుంది.

ఎందుకంటే పడుకున్న పొట్ట వేరు, కూర్చున్న పొట్ట వేరు. ఆపరేషన్ బల్ల మీద మనిషి వెల్లకిలా ఉంటాడు. మత్తులో ఉంటాడు. పొట్ట బల్లపరుపుగా కనిపిస్తుంది. అదే మనిషి లేచి కూర్చుంటే బొడ్డు కింద రెండు మడతలు పడతాయి. స్టోమా ఆ మడతలోకి వచ్చిందంటే, కూర్చున్న ప్రతిసారీ బ్యాగు అంచు లేస్తుంది. మూత్రం కారుతుంది. చర్మం ఒరుసుకుపోతుంది. బల్ల మీద పడుకోబెట్టాక ఎంత గొప్ప సర్జనుకైనా ఆ మడతలు కనిపించవు. మెలకువగా ఉన్న మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంచి చూస్తేనే కనిపిస్తాయి.

కాబట్టి గుర్తు పెట్టే రోజు రోగి ఆసుపత్రి గౌనులో ఉండకూడదు. సొంత బట్టలు వేసుకుని రావాలి. లుంగీ కట్టేవాళ్లు లుంగీతో రావాలి. పంచె కట్టేవాళ్లు పంచెతో రావాలి. మొలతాడు ఉంటే దానితోనే రావాలి. ప్యాంటు వేసేవాళ్లు బెల్టు ఎప్పుడూ పెట్టుకునే బెజ్జంలోనే పెట్టుకుని రావాలి. చీర కట్టే ఆడవాళ్లకి లంగా బొందు ఒక గీతలా ఏళ్ల తరబడి నడుము మీద అచ్చు పడి ఉంటుంది. కుచ్చిళ్లు దోపేది కూడా అక్కడే. స్టోమా సరిగ్గా ఆ గీత మీదికి వస్తే బొందు బ్యాగుని నొక్కుతుంది. మూత్రం కిందికి జారదు, పక్కలకి తంతుంది. సల్వార్ నాడాదీ ఇదే గొడవ.

తర్వాత కూర్చునే తీరు. మన ఇళ్లల్లో కింద బాసింపట్టు వేసుకుని అన్నం తినేవాళ్లు ఇంకా ఎంతమందో. గొంతుక్కూర్చుని అంట్లు తోమేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు ఉన్నారు. నాటు మరుగుదొడ్డి వాడేవాళ్లు ఉన్నారు. వంగి నాట్లు వేసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు ఉన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే సరిపోదు. నర్సుకి చెప్పి, ఇంట్లో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని చూపించాలి. బిందె ఏ వైపు నడుము మీద పెడతారో, మనవణ్ని ఏ చంకన ఎత్తుకుంటారో చెప్పాలి. నడుముకి మోకు బిగించి తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడైతే ఆ సంగతీ చెప్పాలి. ఆయన మళ్లీ చెట్టు ఎక్కొచ్చా లేదా అన్న మాట కూడా ఆ రోజే తేలడం మంచిది.

మంచి చోటు ఎలా ఉంటుంది? పొట్ట ముందువైపు నిలువుగా ఉండే కండరం మీద ఉండాలి. వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తితే ఆ కండరం బిగుసుకుని తెలుస్తుంది. చుట్టూ 5 సెంటీమీటర్ల దాకా చర్మం చదునుగా ఉండాలి. పాత ఆపరేషన్ మచ్చకి, బొడ్డుకి, తుంటి ఎముకకి దూరంగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ చోటు రోగి కంటికి కనిపించాలి. పొట్ట బాగా ఉన్నవాళ్లకి బొడ్డు కింద పెడితే వాళ్లకే కనిపించదు. కనిపించనిదాన్ని శుభ్రం చేసుకోవడం ఎలా? అలాంటివాళ్లకి బొడ్డుకి పైన పెడతారు. నియోబ్లాడర్ అనుకున్నవాళ్లకి కూడా గుర్తు పెట్టించుకోవాలి. లోపల చూశాక సర్జన్ పథకం మార్చుకోవాల్సి రావచ్చు. అప్పుడు గుర్తు లేకపోతే మళ్లీ బల్ల మీది అంచనాయే దిక్కు.

గుర్తు పెట్టాక ఇంకో పని చేస్తే మరీ మంచిది. ఖాళీ బ్యాగులో కొంచెం నీళ్లు పోసి, ఆ గుర్తు మీద అంటించుకుని ఒక పూట తిరగాలి. తినాలి, పడుకోవాలి, మెట్లెక్కాలి. బరువు ఎక్కడ లాగుతుందో, బొందు ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. చోటు నచ్చకపోతే అప్పుడు మార్చొచ్చు. ఆపరేషన్ అయ్యాక పెన్నుతో మార్చలేరు.

కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఈ పనికి స్టోమా నర్సు ఉంటారు. ఈ వృత్తి పుట్టడమే విచిత్రంగా పుట్టింది. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ ఈ ఉద్యోగంలో మొదటిసారి పెట్టుకున్నది నార్మా గిల్ అనే ఆవిణ్ని. ఆవిడ నర్సు కాదు. స్వయంగా స్టోమాతో బతుకుతున్న రోగి. తన ఒంటి మీద నేర్చుకున్నదే పదిమందికి నేర్పింది. చాలా ఆసుపత్రుల్లో ఇప్పటికీ అలాంటి నర్సు ఉండరు. అప్పుడు సర్జన్నే అడగాలి. ‘నేను కూర్చున్నప్పుడు చూసి గుర్తు పెట్టండి సార్’ అని అడగడం పెద్దరికాన్ని ధిక్కరించడం కాదు. ఏ సర్జనూ దానికి కాదనడు.

మిగతా తయారీ కొంచెం త్వరగా చెప్పుకోవచ్చు. పొగ మానెయ్యాలి. కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తులకి, కుట్లు మానడానికి మేలు. కొంతమందికి ఆపరేషన్‌కి ముందే కొన్ని విడతలు కీమోథెరపీ ఇస్తారు. దాన్ని ఆలస్యం అనుకోకూడదు, అది వైద్యంలో భాగమే. రక్తం తక్కువుంటే సరిచేస్తారు. షుగర్ అదుపులోకి తేవాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచనచేసే మందులు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పాలి. సొంతంగా ఆపనూ కూడదు, దాచనూ కూడదు. వాడుతున్న ఆకు మందులు, పొడులు కూడా చెప్పాలి. గుడ్లు, పప్పు, పాలు, చేపలు, ఒంటికి పడేవి బాగా తినాలి. రోజూ నడవాలి. మూడు బంతులున్న ఊపిరి సాధనం ఇస్తారు. దాన్ని ఊదకూడదు, పీల్చాలి. ఇంటి దగ్గరే అలవాటు చేసుకుంటే ఆపరేషన్ మర్నాడు తడుముకోనక్కర్లేదు.

ఒకప్పుడు ఈ ఆపరేషన్‌కి ముందు రెండు మూడు రోజులు పస్తుంచి, విరేచనాలు చేయించేవాళ్లు. చిన్నపేగు మాత్రమే వాడేటప్పుడు అది అక్కర్లేదని ఇప్పుడు చాలాచోట్ల మానేశారు. గట్టి ఆహారం ఆరు గంటల ముందు, తేట ద్రవాలు రెండు గంటల ముందు ఆపితే చాలునంటున్నారు. అయినా చివరిమాట మత్తు డాక్టరుదే.

ఇంకొక మాట ముందే అడిగి తెలుసుకోవాలి. మూత్రాశయ కేన్సర్‌కి మగవాళ్లలో ప్రొస్టేట్ గ్రంథి కూడా తీస్తారు. ఆడవాళ్లలో గర్భసంచి, అండాశయాలు, యోనిలో కొంత భాగం తీయాల్సి రావచ్చు. దాంపత్య జీవితం మీద దీని ప్రభావం ఉంటుంది. పిల్లలు కావాలనుకునే వయసైతే వీర్యం, అండాలు దాచుకునే వీలుందేమో అడగాలి. మన దగ్గర ఈ ప్రశ్న ఎవరూ అడగరు, డాక్టర్లూ ఎత్తరు. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి అడిగితే జవాబు దొరుకుతుంది. నరాల్ని కాపాడే పద్ధతులూ ఉన్నాయి, తర్వాత ఇచ్చే వైద్యమూ ఉంది.

ఖర్చు సంగతి కూడా ముందే. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటరులో, ఆపరేషన్‌తో పాటు ఏమేమి వస్తాయో, తర్వాత బ్యాగులకి ఏమైనా వస్తుందో అడగాలి. బ్యాగుల ఖర్చు ఒకసారితో పోయేది కాదు. నెల నెలా ఉంటుంది. ఇంటి లెక్కలో పాల ఖర్చు పక్కన రాసుకోవాల్సిన ఖర్చు అది.

ఇప్పుడు ఆపరేషన్ తర్వాత. ఇది చిన్న ఆపరేషన్ కాదు. నాలుగైదు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మెలకువ వచ్చాక పొట్ట మీద పారదర్శకమైన బ్యాగు ఉంటుంది. స్టోమాలోంచి రెండు సన్నని గొట్టాలు బ్యాగులోకి వేలాడుతూ కనిపిస్తాయి. వాటిని స్టెంట్లు అంటారు. కుట్లు మానేదాకా మూత్రనాళాలు మూసుకోకుండా చూడటం వాటి పని. వారం నుంచి రెండు వారాల్లో తీసేస్తారు. వాటంతట అవే ఊడి బ్యాగులో పడితే కంగారు పడక్కర్లేదు. డాక్టరుకి చెప్పాలి, అంతే. మూత్రం మొదట ఎర్రగా ఉండి క్రమంగా తేటపడుతుంది. అందులో తెల్లటి జిగురు తీగలు కనిపిస్తాయి. చీము అనుకుని భయపడేవాళ్లున్నారు. చీము కాదు. పేగు స్వభావమే జిగురు ఊరడం. మూత్రం దారిలో పెట్టినా అది తన అలవాటు మానదు.

మర్నాడే మంచం దిగి నడిపిస్తారు. కుట్లు తెగుతాయేమోనని ఇంటివాళ్లే అడ్డం పడతారు. నడిస్తే తెగవు. నడవకపోతేనే కాళ్లల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం. దగ్గాల్సి వస్తే చిన్న దిండు పొట్టకి అదిమి పట్టుకుని దగ్గాలి. పేగులు కొన్నాళ్లు నిద్రపోతాయి. గ్యాస్ పోయిందంటే అవి మేలుకున్నట్టు. చూయింగ్ గమ్ నమిలితే త్వరగా మేలుకుంటాయని కొన్ని ఆసుపత్రుల్లో అదీ ఇస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు నాలుగు వారాల దాకా, అంటే ఇంటికి వెళ్లాక కూడా కొనసాగించమనవచ్చు. ఒంట్లో బాగానే ఉందని వాటిని మధ్యలో ఎగ్గొట్టకూడదు.

అన్నీ సవ్యంగా ఉంటే వారం, పది రోజుల్లో ఇంటికి పంపుతారు. ఇక్కడ దాచకుండా చెప్పాల్సిన మాట ఉంది. మొదటి మూడు నెలల్లో సగానికి పైగా రోగులకి చిన్నదో పెద్దదో ఏదో ఒక చిక్కు వస్తుంది. దాదాపు నలుగురిలో ఒకరు మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది. జ్వరం, ఇన్ఫెక్షన్, పేగు కదలకపోవడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం లాంటివి. ఎక్కువ భాగం సరిదిద్దగలిగినవే. మళ్లీ చేరాల్సి వస్తే ఆపరేషన్ చెడిపోయిందని అనుకోకూడదు.

ఇంటికి వచ్చే లోపల ఒక పని పూర్తికావాలి. రోగి తన చేత్తో, నర్సు ఎదురుగా, కనీసం ఒకటి రెండుసార్లు బ్యాగు మార్చుకుని ఉండాలి. భార్యో, కోడలో నేర్చుకుంటే చాలులే అనుకోవడం మగవాళ్లలో ఎక్కువ. అది మంచి పద్ధతి కాదు. ఇంకొకరు నేర్చుకోవాలి, నిజమే, కానీ సాయానికి మాత్రమే.

బ్యాగు మార్చడానికి మంచి సమయం తెల్లవారు జామున, కాఫీ తాగకముందు. రాత్రంతా ఏమీ తాగలేదు కాబట్టి మూత్రం నెమ్మదిగా వస్తుంది. అన్నీ ముందు దగ్గర పెట్టుకోవాలి. కొత్త బ్యాగు, కత్తెర, గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి నూలు గుడ్డ ముక్కలు, పాత న్యూస్‌పేపరు. పాత బ్యాగు ఖాళీ చెయ్యాలి. ఒక చేత్తో చర్మం నొక్కి పట్టి, రెండో చేత్తో పైనుంచి కిందికి మెల్లగా ఒలవాలి. గుంజకూడదు. చర్మాన్ని వట్టి నీళ్లతో తుడవాలి. స్టోమాని రుద్దకూడదు. తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపిస్తే మామూలే.

తర్వాత అసలు చిక్కు. చర్మం ఆరబెట్టాలి, కానీ స్టోమాలోంచి మూత్రం కారుతూనే ఉంటుంది. అందుకు నూలు గుడ్డని వత్తిలా చుట్టి స్టోమా నోటి దగ్గర ఆనించాలి. లోపలికి దూర్చకూడదు, ఆనించాలంతే. ఆ వత్తి పీలుస్తూ ఉండగా చుట్టూ చర్మాన్ని అద్ది ఆరబెట్టాలి. పొడిగా ఉన్న చర్మానికే బ్యాగు పట్టుకుంటుంది. కొబ్బరినూనె, పౌడరు, క్రీము, పసుపు ఏవీ అక్కడ రాయకూడదు. పండగనాడు తలంటు పోసుకుంటే నూనె అటు జారకుండా చూసుకోవాలి.

చర్మానికి అంటుకునే పలకని ఫ్లాంజ్ అంటారు. దాని మధ్యలో స్టోమాకి సరిపోయేలా రంధ్రం కత్తిరించాలి. స్టోమా కన్నా 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండాలి. రంధ్రం పెద్దదైతే మధ్యలో మిగిలిన చర్మం మీద మూత్రం నిలిచి అది ఒరుసుకుపోతుంది. చిన్నదైతే స్టోమాని కోస్తుంది. ఇంకో సంగతి, ఆపరేషన్ తర్వాత స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అది చిన్నదవుతుంది. మొదటి రోజు కొలతతో నెలల తరబడి కత్తిరిస్తూ పోతే చర్మం పాడవుతుంది. కాబట్టి ఆ రెండు నెలలూ వారం వారం కొలవాలి. అంటించాక అరచేతిని ఒకటి రెండు నిమిషాలు దాని మీద ఉంచాలి. చేతి వెచ్చదనానికి బాగా పట్టుకుంటుంది. అంటించే ముందే బ్యాగు కింద ఉండే కుళాయి మూసి ఉందో లేదో చూసుకోవాలి. ఇది అందరూ ఒకసారైనా మరిచిపోతారు.

మామూలుగా ఒక బ్యాగు మూడు నుంచి ఐదు రోజులు వస్తుంది. మన ఎండాకాలంలో, చెమటకి, అంత రాకపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు రోజులకే మార్చాల్సి వస్తే అది బ్యాగు తప్పూ కాదు, మనిషి తప్పూ కాదు. కొత్త బ్యాగుల్ని ఎండలో నిలిపిన కారులో, రేకుల కప్పు కింద పెట్టకూడదు. జిగురు కరుగుతుంది. కారడం మొదలైతే పైన టేపు మీద టేపు వేసి నెట్టుకురాకూడదు. మూత్రం లోపల చర్మం మీదే ఉండిపోతుంది. మార్చడం ఒక్కటే మందు. వాసన కూడా చాలాసార్లు ఆ కారడం నుంచే వస్తుంది.

పగలు మూడోవంతు నుంచి సగం నిండగానే కుళాయి తిప్పి ఖాళీ చెయ్యాలి. నిండిన బ్యాగు బరువుకి ఫ్లాంజ్ లాగుతుంది. రాత్రికి పొడవాటి ట్యూబు ఉన్న రెండు లీటర్ల సంచి తగిలించుకుంటే నిద్ర చెడదు. ఆ సంచి మంచం కంటే కిందికి ఉండాలి. నేల మీద పడుకునేవాళ్లకి ఇది ఇబ్బంది. వాళ్లకి నులకమంచమో, ఎత్తు తక్కువ మంచమో అమర్చాలి. సంచిని ఒక బకెట్‌లో పెడితే, కుళాయి వదులైనా ఇల్లు తడవదు.

నీళ్లు తగ్గించకూడదు. బ్యాగు త్వరగా నిండుతుందని, పెళ్లికో ప్రయాణానికో వెళ్లేటప్పుడు నీళ్లు మానేసేవాళ్లున్నారు. అలా చేస్తే మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్లు, రాళ్లు వస్తాయి. గుండె, కిడ్నీ జబ్బులతో డాక్టరు వద్దంటే తప్ప, రోజుకి రెండు, రెండున్నర లీటర్లు తాగాలి. తిండికి పెద్ద పథ్యం లేదు. బీట్‌రూట్ తిన్న రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తం అనుకోకూడదు. ఒక్కోసారి బ్యాగు ఊదారంగుకి తిరుగుతుంది. చూసినవాళ్లు హడలిపోతారు. కొన్ని సూక్ష్మక్రిములు మూత్రంలోని పదార్థాల్ని విరగ్గొట్టినప్పుడు ఆ రంగు వస్తుంది. దానంతట అది ప్రమాదం కాదు, కానీ డాక్టరుకి చూపించాలి.

ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదు. నిండు బిందె వద్దు, బియ్యం మూట వద్దు, గ్యాస్ సిలిండరు అసలు వద్దు. స్టోమా పక్కన కండరం వదులై పేగు ఉబికి వస్తే హెర్నియా అవుతుంది. ఒకసారి వస్తే దాని రిపేరు కష్టం. ఆ తర్వాత కూడా పొలం పనికి, బరువు పనికి వెళ్లేవాళ్లు నడుముకి ఆసరా బెల్టు గురించి అడగాలి. స్నానం బ్యాగుతో చెయ్యొచ్చు, బ్యాగు తీసీ చెయ్యొచ్చు. పూర్తి ఓపిక రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదటి నెలలో ఆకలి ఉండదు, మనసు బాగుండదు. చుట్టాలు వస్తుంటే గది తలుపు వేసుకునేవాళ్లుంటారు. అలాంటప్పుడు ఇదే ఆపరేషన్ అయి ఏడాది గడిచిన మనిషిని ఒకరిని కలపమని ఆసుపత్రిలో అడగొచ్చు. ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇలాంటి పనే చేస్తోంది. ఆ మనిషి వచ్చి చొక్కా టక్ చేసుకుని ఎదురుగా కూర్చుంటే, బ్యాగు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. పది మాటల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. చలితో కూడిన జ్వరం. నడుము పక్కన నొప్పి. మూడు నాలుగు గంటలుగా బ్యాగులోకి చుక్క రాకపోవడం. స్టోమా నీలంగా, నల్లగా మారడం. ఆగని రక్తం. కాలి పిక్క వాపు, ఆయాసం. మరోసారి వినండి. చలిజ్వరం, నడుము నొప్పి, మూత్రం ఆగడం, స్టోమా నల్లబడటం, ఆగని రక్తం, పిక్క వాపు, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు.

మూత్ర పరీక్షకి శాంపిల్ ఇచ్చేటప్పుడు బ్యాగులో నిలిచిన మూత్రం ఇవ్వకూడదు. అందులో క్రిములు ఎప్పుడూ ఉంటాయి. ఆ రిపోర్టు చూసి అక్కర్లేని యాంటీబయాటిక్స్ రాస్తారు. బ్యాగు తీసి, స్టోమాని శుభ్రం చేసి, సన్నని గొట్టంతో నర్సు తియ్యాలి. ల్యాబ్‌లో కొత్త కుర్రాడుంటే రోగే ఈ మాట చెప్పాలి. ఇక క్రియాటినిన్ పరీక్ష, కిడ్నీల స్కానింగ్, కేన్సర్ ఉన్నవాళ్లకి సీటీ స్కాన్ డాక్టరు చెప్పిన వరసలో జరగాలి. పేగు ముక్క తీసిన చోటే విటమిన్ బీ12 ఒంటికి పడుతుంది కాబట్టి, ఏడాదికోసారి ఆ పరీక్ష కూడా చేయించాలి. ఒంట్లో నిల్వ ఉన్న బీ12 కొన్నేళ్ల దాకా సరిపోతుంది. అందుకే లోటు ఆలస్యంగా బయటపడుతుంది. మొదటి రెండేళ్లు బాగానే ఉందని ఈ పరీక్ష మానెయ్యకూడదు.